షూటింగ్‌కి ముందే డాక్యుమెంటరీ స్క్రిప్ట్ మొత్తం రాసివ్వాలట. ఎలా రాయాలి?

పీజీ_ఆఖరేడు
అందరికీ నమస్కారం. నేను జర్నలిజం పీజీ రెండో సంవత్సరం విద్యార్థినిని. ఫైనల్ ప్రాజెక్టుకి 12 నిమిషాల డాక్యుమెంటరీ తీయాలి. పోచంపల్లి వైపు చేనేత ఇళ్ళలో ఆసు పోసే (నేతకి ముందు దారాన్ని చేత్తో మేకుల చుట్టూ చుట్టే) ఆడవాళ్ళ గురించి తీద్దామనుకున్నాను. మా అమ్మమ్మగారి ఊరు ఆలేరు దగ్గరే, చిన్నప్పుడు చూసిన పని అది.

ఇబ్బంది ఎక్కడంటే, కెమెరా ఇచ్చే ముందే పూర్తి స్క్రిప్ట్ బైండ్ చేసి ఇమ్మని మా గైడ్ గారు చెప్పారు. కథా చిత్రమైతే కూర్చుని రాసేస్తాను. నిజం మనుషులు ఏం మాట్లాడతారో ముందే ఎలా రాయను? అయినా ఒక డ్రాఫ్ట్ రాశాను. మొదటి పేజీ ఇక్కడ పెడుతున్నాను, మొహమాటపడకుండా చెప్పండి.

*దృశ్యం 1. సూర్యోదయం. పోచంపల్లి మీద డ్రోన్ షాట్.*
*వాయిస్ ఓవర్: హైదరాబాద్‌కు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న పోచంపల్లి ఇక్కత్ చీరలకు ప్రపంచ ప్రసిద్ధి గాంచింది. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే భూదానోద్యమానికి ఇక్కడే శ్రీకారం చుట్టారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చారు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దీనిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది.*
*దృశ్యం 2. ఇంటి లోపల, పగలు. యాదమ్మ (60) పడుగు దారంతో ఆసు పోస్తూ ఉంటుంది.*
*యాదమ్మ (కన్నీళ్ళతో): మా బతుకులింతే. చెయ్యి నొప్పి పుట్టినా ఆగడానికి లేదు.*

గుంటమగ్గం
చెల్లె, మాది నేత ఇల్లే. మొదలు ఒక మాట. ఆసు పడుగుకు (నిలువు దారానికి) కాదు, పేకకు (అడ్డం దారానికి) పోస్తరు. పేక దారాన్ని ఆసు మీద చుట్టి, దాని మీద డిజైన్ గీసుకొని, చిటికి కట్టి (రంగు అంటొద్దన్న కాడ రబ్బరుతోని బిగించి), రంగుల ముంచుతరు. అటెన్క కండెలకు చుడితేనే నేసేటప్పుడు పువ్వు పువ్వు లెక్క వస్తది. ఈ తప్పు స్క్రిప్ట్‌ల ఉంటే మా ఊర్ల ఎవ్వరు నీ సినిమా రెండో నిమిషం దాటి చూడరు.

ఇంకోటి. ఆసు అంటె ఒకదిక్కు ఒంటి మేకు, ఎదురుంగ అర్ధచంద్రం లెక్క వరుసగ మేకులు. చెయ్యి అటుపోయి ఇటు రావాలె. ఒక్క చీరకు 9 వేల సార్లు అంటరు గదా, ఆ లెక్క అందరు చెప్తరు. కూసున్న మనిషి పక్కన నువ్వు గంట సేపు కూసొని చూస్తే ఆ 9 వేలు ఏందో ఎర్కయితది.

పీజీ_ఆఖరేడు
అన్నా, చాలా థాంక్స్. పడుగు, పేక తేడా తెలుసు అనుకున్నాను, రాసేటప్పుడు చూసుకోలేదు. వెంటనే మారుస్తాను.

మూవియోలా
నేను ఇరవై ఏళ్ళకు పైగా ఎడిటింగ్‌లో ఉన్నానమ్మా. నీ మొదటి పేజీలో పడుగు కన్నా పెద్ద తప్పు ఒకటుంది. యాదమ్మ అనే మనిషి నిజంగా ఉన్నారా? ఉంటే ఆవిడ ఇంకా నోరు విప్పలేదు. ఆవిడ మాటలు నువ్వు రాసేశావు, కన్నీళ్ళు కూడా నువ్వే పెట్టేశావు. రేపు కెమెరాతో వెళ్ళినప్పుడు ఆ కన్నీళ్ళ కోసమే ఎదురుచూస్తావు. ఆవిడ నవ్వుతూ మాట్లాడితే నిరాశపడి, ప్రశ్నని అటు తిప్పి ఇటు తిప్పి ఏడ్చేదాకా అడుగుతావు. కావాలని చేస్తావని అనడం లేదు. రాసిన కాగితం మన చేత అలా చేయిస్తుంది. ఇలాంటి ఇంటర్వ్యూల ఫుటేజీ నా బల్ల మీదికి ఎన్నోసార్లు వచ్చింది. అడిగేవాళ్ళ గొంతులో తొందర అంతా వినిపిస్తుంది.

మొదటి దృశ్యం సంగతి. భూదానోద్యమం గొప్ప విషయం, తేదీ కూడా సరిగ్గా రాశావు. కానీ ఆసు పోసే మనిషి చేతికీ వినోబా భావేకీ నీ సినిమాలో సంబంధం ఏమిటి? పోచంపల్లి అనగానే గుర్తొచ్చినవన్నీ వరసగా పేర్చావు. అది ఊరి పరిచయం, సినిమా మొదలు కాదు. డ్రోన్ షాట్ తీసెయ్. ఆసు పోయడం పైనుంచి కనపడదు.

డాక్యుమెంటరీని మూడుసార్లు రాస్తాం. వెళ్ళేముందు రాసేది మనకున్న ప్రశ్న, చూడబోయే పని. తీస్తున్నప్పుడు రోజూ రాత్రి రాసుకునేది ఆ రోజు దొరికింది, రేపటికి కావలసింది. అన్నీ తెచ్చాక, మనుషులు నిజంగా అన్న మాటలు ఎత్తి రాసుకుని వాటిలోంచి రాసేది మూడోది. నువ్వు మొదటిది వదిలేసి మూడోది ఊహించి రాశావు. అందుకే కష్టంగా ఉంది.

పీజీ_ఆఖరేడు
మీరు చెప్పింది చదివి చాలాసేపు ఆలోచించాను సార్. యాదమ్మ గారు నిజంగానే ఉన్నారు, మా అమ్మమ్మ ఇంటి పక్క వీధి. నేను ఇంకా ఆవిడతో ఈ విషయం మాట్లాడలేదు. ఆవిడ పేరు పెట్టి నా మాటలు రాశాను. అది తప్పే.

కానీ గైడ్ గారికి ఏదో ఒకటి ఇవ్వాలి కదా. ప్రశ్న మాత్రమే రాసి ఇస్తే తీసుకోరు.

కృష్ణాతీరం
నేను ఈ సబ్జెక్టే పాఠంగా చెబుతాను కాబట్టి మీ గైడ్ గారి వైపు నుంచి కూడా ఒక మాట. స్క్రిప్ట్ ముందే అడగడంలో తప్పు లేదు. విద్యార్థులు కెమెరా పట్టుకుని వెళ్ళి నలభై గంటల ఫుటేజీ తెచ్చి, అందులో సినిమా ఎక్కడుందో తెలియక సెమిస్టర్ ఆఖర్న ఏడవడం నేను చూశాను. రాయడం వల్ల ఆ ప్రమాదం తప్పుతుంది. అయితే ఏం రాయాలన్నదే అసలు సంగతి.

ముందు ఒకే ఒక్క వాక్యం రాయండి. మీ సినిమా ఎవరి గురించి, వాళ్ళకి ఏమవుతోంది, మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు. దాన్నే లాగ్‌లైన్ అంటారు. ఒక్క వాక్యంలో పట్టడం లేదంటే విషయం మీ చేతికి ఇంకా చిక్కలేదని అర్థం. తర్వాత మూడు నాలుగు పేజీల ట్రీట్‌మెంట్, అంటే సినిమా ఎలా సాగుతుందో చెప్పే రాత. ఇది వర్తమానంలో, కళ్ళ ముందు జరుగుతున్నట్టు రాయాలి. 'చేనేత సంక్షోభాన్ని చూపిస్తాం' అని రాయకండి, సంక్షోభాన్ని కెమెరా ఎలా చూపిస్తుంది? 'తెల్లవారుజామున అయిదింటికి యాదమ్మ గారింటి తలుపు తెరుచుకుంటుంది. వెలుగు ముందు మగ్గం గుంటలో పడుతుంది' అని రాయండి. కెమెరాకి కనపడేది, మైకుకి వినపడేది తప్ప ఇంకేమీ ట్రీట్‌మెంట్‌లోకి రాకూడదు.

దాని తర్వాత రెండు నిలువు వరుసల స్క్రిప్ట్. ఎడమ వరుసలో దృశ్యం, కుడి వరుసలో శబ్దం. మాటలు, పరిసరాల చప్పుడు, వ్యాఖ్యానం అన్నీ కుడివైపే. ఇంటర్వ్యూ వచ్చే చోట జవాబు రాయవద్దు. ఏం అడుగుతారో రాసి, పక్కన 'ఈ ప్రశ్న ఎందుకు' అని ఒక్క ముక్క రాయండి. నేనైతే మా పిల్లల చేత ప్రతి దృశ్యం కింద 'ఇది దొరక్కపోతే' అని కూడా రాయిస్తాను. ఆవిడ రానంటే, వాన పడితే, ఆ రోజు పని లేకపోతే ఏం తీస్తారు? అలా రాసిన స్క్రిప్ట్‌ని ఏ గైడూ కాదనరు.

శబ్దవేది
కుడి వరుస సంగతి ఎత్తారు కాబట్టి. విద్యార్థుల స్క్రిప్టుల్లో కుడివైపు రెండే ఉంటాయి: 'వాయిస్ ఓవర్', 'విషాద సంగీతం'. నేత ఇంట్లో ఎన్ని చప్పుళ్ళుంటాయో వెళ్ళి కళ్ళు మూసుకుని వినండి. మగ్గం ఒకటే కాదు. రాట్నం తిరిగే చప్పుడు, కండె మారుస్తుంటే ఆ క్షణం మౌనం, చిటికి కట్టడానికి సైకిల్ ట్యూబు ముక్కని లాగినప్పుడు వచ్చే చిన్న కీచు. ఇవన్నీ స్క్రిప్ట్‌లో రాస్తేనే రికార్డు చేయడం గుర్తుంటుంది. ప్రతి గదిలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ శబ్దం తీసుకోండి, ఎడిటింగ్‌లో అతుకులు కనపడకుండా కాపాడేది అదే. ఇంటర్వ్యూ చేసేటప్పుడు టీవీ, రేడియో ఆపించండి. వెనక సినిమా పాట వినపడితే హక్కుల గొడవ ఒకటి, మాట మధ్యలో కోయడానికి కుదరకపోవడం ఇంకొకటి.

జహీరాబాద్_పోరి
స్క్రిప్ట్ అంటే కాగితమేనా అని నాకు మొదటి నుంచి ఒక సందేహం. మా దిక్కు పస్తాపూర్‌ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘం మహిళలు కెమెరా నేర్చుకొని సినిమాలు తీసిన్రు. వాళ్ళల్ల చానా మందికి చదువు రాదు. 2008 నుంచి సంఘం రేడియో కూడ నడుపుతున్నరు. షాట్లకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు విన్నప్పటి నుంచి నేను కెమెరా పట్టే తీరే మారింది. పైకెల్లి కిందికి చూసే షాట్‌ను పటేల్ షాట్ అన్నరు, దొర పైనుంచి చూస్తడు గనక. కంటికి కన్ను సమానంగ పెట్టే షాట్‌ను సంఘం షాట్ అన్నరు, సంఘంల అందరు ఒక్క తీరు కూసుంటరు గనక.

నీ యాదమ్మ నేల మీద కూసొని పనిచేస్తది. నువ్వు నిలబడి ట్రైపాడ్ పెడితె ఏ షాట్ అయితదో ఆలోచించు. ఎడమ వరుసల 'క్లోజప్', 'మిడ్ షాట్' అని రాసుడు కాదు, నువ్వు ఏడ కూసుంటవో రాయి.

పీజీ_ఆఖరేడు
అక్కా, ఇది నా నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను. ట్రైపాడ్ లేకుండా, పీట మీద కూర్చుని తీస్తాను.

ఈ వారం కెమెరా లేకుండా ఊరికి వెళ్తున్నాను. వచ్చాక రాస్తాను.

పీజీ_ఆఖరేడు
(పన్నెండు రోజుల తర్వాత)

వెళ్ళి వచ్చాను. మొదటి మూడు రోజులు ఊరికే కూర్చున్నాను. నాలుగో రోజు ఫోన్‌తో కొంచెం తీశాను. ఒక విషయం మీ అందరినీ అడగాలి.

యాదమ్మ గారింట్లో ఇప్పుడు ఎవరూ చేత్తో ఆసు పోయడం లేదు. మిషన్ ఉంది. పాత ఆసు అటక మీద ఉంది. నా సినిమా అంతా ఆ చేతి కదలిక మీదే కట్టుకున్నాను కాబట్టి, ఒకసారి దింపి చేసి చూపిస్తారా అని అడిగాను. పెద్దమనసుతో సరే అన్నారు. మనవడు దింపాడు, ఆవిడ దుమ్ము తుడిచి కూర్చున్నారు. పది నిమిషాలు పోశారు. వెలుగు సరిపోలేదని నేను మళ్ళీ చేయమన్నాను. మళ్ళీ చేశారు. మూడోసారి అడిగేసరికి ఎడమచేత్తో కుడి భుజం పట్టుకున్నారు. ఆవిడ ఏమీ అనలేదు. నేను ఫోన్ పక్కన పెట్టేశాను. ఆ నొప్పి గురించే సినిమా తీస్తూ ఆ నొప్పి మళ్ళీ నేనే తెప్పించాను.

తీసిన ఆ ముక్క వాడొచ్చా? ఆవిడ ఇప్పటికీ రోజూ చేస్తున్నట్టు చూపిస్తే అబద్ధం కదా?

కృష్ణాతీరం
ఈ ప్రశ్న డాక్యుమెంటరీ అంత పాతది. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ వేటగాళ్ళ మీద రాబర్ట్ ఫ్లాహర్టీ 1922లో విడుదలైన నానూక్ చిత్రం తీసినప్పుడు, అప్పటికే తుపాకీ వాడుతున్న వేటగాళ్ళ చేత పాతకాలం బల్లేలతో వేటాడించాడు. మంచు ఇంట్లో కెమెరాకి వెలుగు చాలదని ఒకవైపు తెరిచి ఉన్న ఇల్లు కట్టించాడు. దాన్ని ఇవాళ్టికీ తరగతిలో చూపిస్తాం, ఇవాళ్టికీ వాదించుకుంటాం. డాక్యుమెంటరీ అన్న మాటని ప్రచారంలోకి తెచ్చిన జాన్ గ్రియర్సన్ కూడా దాన్ని వాస్తవాన్ని సృజనాత్మకంగా మలచడం అన్నాడు. మలచడానికి మనకి అనుమతి ఉంది. గతంలో ఆ పని ఎలా ఉండేదో చూపడానికి ఆ ముక్క వాడుకోవచ్చని నా అభిప్రాయం. 'అప్పట్లో ఇలా' అన్న ఒక్క మాట చాలు.

మూవియోలా
ఇక్కడ నేను ఒప్పుకోను. 'అప్పట్లో ఇలా' అని వ్యాఖ్యానం వేసి కింద ఈ నెల తీసిన ఫుటేజీ పెడితే చూసేవాడు అది అప్పటిదే అనుకుంటాడు. మాట ఒకటి చెబుతుంది, కన్ను ఇంకొకటి నమ్ముతుంది. కన్నే గెలుస్తుంది.

నాకైతే ఆ అమ్మాయి చెప్పిన దాంట్లోనే సినిమా కనపడుతోంది. మనవడు అటక మీంచి దింపడం, ఆవిడ దుమ్ము తుడవడం, 'ఇంకోసారి చేస్తారా' అని అడుగుతున్న నీ గొంతు, ఆవిడ భుజం పట్టుకోవడం. కోయకుండా ఉన్నదున్నట్టు పెట్టు. నువ్వు అడిగితేనే చేశారని చూసేవాళ్ళకి తెలియాలి. నీ గొంతు తీసేసి ఆ భుజం మాత్రం చూపిస్తే అది దొంగతనం.

కృష్ణాతీరం
గొంతు ఉంచాలన్న దాంతో ఏకీభవిస్తాను. కానీ పాత పనిని పునర్నిర్మించి చూపడమే అబద్ధమంటే చరిత్ర మీద డాక్యుమెంటరీ తీయలేం. ఆ విషయంలో మీరూ నేనూ వేరు.

గుంటమగ్గం
చెల్లె, వాడుకో వాడుకోకపో, ముందుగాల ఆ అమ్మకు చూపెట్టు. ఆమె వద్దంటే తీసెయ్.

ఇంకొక ముచ్చట. మిషన్ ఉన్నదన్నవు గదా, అది ఊకె వచ్చింది కాదు. ఆలేరు దగ్గర శారాజిపేట చింతకింది మల్లేశం, తల్లి ఆసు పోస్తుంటె ఆమె నొప్పి చూడలేక ఏండ్లు తండ్లాడి 1999ల చేసిన మిషన్. తల్లి పేరు మీదనే లక్ష్మి ఆసు యంత్రం అన్నరు. 2017ల పద్మశ్రీ ఇచ్చిన్రు. నాలుగైదు గంటల పని గంటన్నరల అయితది. నీ సినిమాల మిషన్‌ను దుష్మన్ లెక్క చూపెట్టకు. మా ఇండ్లల్ల అది దేవుని లెక్క.

పీజీ_ఆఖరేడు
అన్నా, చూపెట్టాను. వీడియో కాల్‌లో మొత్తం చూశారు. 'ఉండనీ, నా భుజమే గదా' అన్నారు. ఆవిడ ఒప్పుకున్న మాట కూడా రికార్డు చేశాను.

మిషన్ గురించి మీరు రాసింది చదివాక, ఫోన్‌లో రికార్డయిన మాటలన్నీ కూర్చుని ఎత్తి రాశాను. మూవియోలా సార్ చెప్పినట్టే. ఏ మాట ఎన్నో నిమిషంలో వచ్చిందో (టైమ్ కోడ్) పక్కన వేసి, ఒక్క అక్షరం మార్చకుండా. రెండు రాత్రులు పట్టింది. అందులో నేను అక్కడ కూర్చున్నప్పుడు పట్టించుకోని మాట ఒకటి దొరికింది. మిషన్ వచ్చాక సుఖమేనా అని అడిగాను. ఆవిడ జవాబు:

*'నొప్పి పోయింది బిడ్డా, అబద్ధమెందుకు. ఆ మిషన్ జేసినోని కడుపు సల్లగుండ. గని అందరు జెప్తరు, నాలుగు గంటలు మిగిలినయ్ అని. ఎవరికి మిగిలినయ్? నేను కూసున్ననా? ఇటు మిషన్ తిరుగుతది, అటు నేను చిటికి కడ్త. నువ్వు ఒచ్చిన కాంచి నా కాళ్ళు ఏడన్న సాపిన్నా?'*

దీని వెంటనే నేను 'చేతికి ఇప్పటికీ నొప్పి ఉందా' అని అడిగాను. నా కాగితం మీద తర్వాతి ప్రశ్న అది. ఆవిడ చెప్పింది నేను వినలేదు.

మూవియోలా
ఇదీ నీ సినిమా.

మిగిలిన గంటలు ఎటు పోయాయి? ఈ ప్రశ్నకి జవాబు నీకు తెలియదు, నాకు తెలియదు, మీ గైడ్ గారికీ తెలియదు. ఇప్పుడు రాయి లాగ్‌లైన్. అడిగే ప్రశ్నలు కూడా మార్చుకో. ఎవరిదైనా జవాబు అయిపోయాక మనసులో నాలుగు అంకెలు లెక్కపెట్టి అప్పుడు తర్వాతి ప్రశ్న అడుగు. మనుషులు అసలు మాట ఆ మౌనంలోనే అంటారు.

శబ్దవేది
ఆవిడ మాట్లాడుతున్నప్పుడు వెనక మిషన్ తిరుగుతోందా? తిరుగుతుంటే అదే కుడి వరుసలో మొదటి శబ్దం. సినిమా పొడుగునా ఆ మిషన్ ఆగిన క్షణాలు ఎక్కడెక్కడో రాసిపెట్టుకోండి.

కృష్ణాతీరం
ఎత్తి రాసిన మాటల్లో పనికొచ్చేవన్నీ చీటీలుగా కత్తిరించి నేల మీద పరుచుకుని వరస కట్టండి. కంప్యూటర్‌లో కూడా చేయొచ్చు కానీ మొదటి సినిమాకి చేత్తో చేస్తే మంచిది, ఏ మాట దేని పక్కన బతుకుతుందో కంటికి తెలుస్తుంది. దీన్ని పేపర్ ఎడిట్ అంటారు. ఒక చీటీ రంగు యాదమ్మ గారి మాటకి, ఇంకొకటి పని జరిగే దృశ్యాలకి, మూడోది వ్యాఖ్యానానికి. మూడో రంగు ఎక్కువ కనపడితే ఇంకా షూటింగ్ చేయాలని అర్థం.

వ్యాఖ్యానం రాసేటప్పుడు గట్టిగా చదివి గడియారం చూసుకోండి. నా అనుభవంలో తెలుగులో నిమిషానికి 90 మాటలు దాటితే వార్తలు చదువుతున్నట్టే ఉంటుంది. 'శ్రీకారం చుట్టారు', 'ప్రసిద్ధి గాంచింది' లాంటివి మీ నోట మామూలుగా వస్తాయా? రాకపోతే రాయవద్దు. తెర మీద కనపడేదాన్ని మళ్ళీ చెప్పవద్దు. ఆవిడ చిటికి కడుతుంటే 'యాదమ్మ చిటికి కడుతోంది' అనే బదులు అది ఎవరి చీరకో, ఎంత కూలికో చెబితే ఆ వాక్యానికి పని ఉంటుంది.

జహీరాబాద్_పోరి
ఆమె భాషను మార్చకు. 'సాపిన్నా' అన్నది 'చాపానా' అని సబ్‌టైటిల్ వెయ్యొద్దు. హైదరాబాద్‌ల చూసెటోళ్ళకు ఈ తెలుగు అర్థమైతది.

పీజీ_ఆఖరేడు
గైడ్ గారు ట్రీట్‌మెంట్ తీసుకున్నారు. 'ఇది దొరక్కపోతే' వరుస చూసి ఇంకో ఇద్దరు విద్యార్థులకి కూడా చూపించారు. శుక్రవారం కెమెరా ఇస్తున్నారు, ఆరు రోజులు. కొత్త మొదటి పేజీ ఇది.

*దృశ్యం: చీకటి గది. నేల మీద నుంచి, కూర్చున్న మనిషి కంటి ఎత్తులో. గోడ వారగా ఆసు మిషన్ తిరుగుతూ ఉంటుంది. ముందు యాదమ్మ గారి చేతులు, చిటికి కడుతూ. ముఖం కనపడదు.*
*శబ్దం: మిషన్. రబ్బరు ముక్క లాగిన చప్పుడు. మాటలు లేవు. 40 సెకన్లు.*
*ఇది దొరక్కపోతే: కరెంటు పోయి మిషన్ ఆగితే, ఆగిన గదిలో ఆవిడ ఏం చేస్తారో తీయాలి.*

*దృశ్యం: అదే గది, పొద్దున అయిదింటి నుంచి రాత్రి పడుకునే దాకా. ఒక్క రోజు. ఆవిడ ఎప్పుడు కూర్చున్నారో, ఎందుకు లేచారో.*
*శబ్దం: అక్కడి చప్పుళ్ళే. వ్యాఖ్యానం రెండు వాక్యాలు మించకుండా, ముందు ఆసుకు ఎన్ని గంటలు పట్టేదో, ఇప్పుడు ఎన్ని పడుతోందో.*
*అడిగేది: ఇవాళ్టి నాలుగు గంటలు ఎటు పోయాయి?*
*ఎందుకు: నాకు తెలియదు.*

గుంటమగ్గం
మంచిగున్నది చెల్లె. ఒక్కటే. కరెంటు పోతే ఆమె చిటికి వాకిట్లకు తీస్కపోతది, గదిల కూసోదు, మా అమ్మ గూడ అంతే. కెమెరా వాకిట్ల దిక్కు ముందే చూసి పెట్టుకో.

పీజీ_ఆఖరేడు
రాసుకున్నాను అన్నా. 'ఇది దొరక్కపోతే' కింద మార్చేశాను: వాకిలి, పీట, ఆవిడకి ఎడమవైపు.